ఇరువురి యాత్ర, ఒక్కరి పేరు

ప్రహరీగోడలమీదను, పాఠశాలల తోటలలోను, రైలు స్టేషనుల ముంగిళ్ళలోను మండు వేసవిలో గుత్తులు గుత్తులుగా పూచెడు కాగితపు పూల తీగెను ఎరుగనివారుండరు. గులాబి, ఊదా, నారింజ వన్నెలతో కనుపట్టు ఆ పలుచని రేకులు నిజమునకు పూరేకులు కావు. అవి పుష్పపుచ్ఛములు, అనగా రంగు మారిన ఆకులు. మూడేసి పుచ్ఛముల నడుమ సన్నని గొట్టములవలె నిలిచియుండు చిన్న పూలే అసలు పూలు. మన పెరళ్ళలో సాయంకాలము విచ్చుకొను చంద్రకాంత ఈ తీగెకు దగ్గరి చుట్టము. రెండును నిక్టాజినేసీ కుటుంబమునకు చెందినవే.

కాగితపు పూల తీగె శాస్త్రీయనామము బోగన్‌విల్లియా. ఇది మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికానుండి వచ్చినది. 1767లో బ్రెజిల్ దేశమందలి రియో డి జనీరో పరిసరములలో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఫిలిబేర్ కొమెర్సన్ దీనిని సేకరించి, తన యాత్రకు నాయకుడైన బూగన్‌విల్ పేరు దీనికి పెట్టెనని గ్రంథములు చెప్పుచున్నవి. ఆ మాట సరియైనదే గాని సంపూర్ణమైనది కాదు. ఆ దినములలో కొమెర్సన్ కాలిపుండుతో బాధపడుచుండెను. కొండలెక్కి, అడవులలో చొరబడి, మొక్కలు కోసి మోసి తెచ్చు పనిలో పెద్దభాగము ఆయన సహాయకునిదే. జాఁ బారే అను పేరుతో ఓడనెక్కిన ఆ సహాయకుడు నిజమునకు పురుషుడు కాడు, స్త్రీ. ఆమె పేరు జేన్ బారే. భూమిని చుట్టివచ్చినట్లు చరిత్రకు తెలిసిన స్త్రీలలో ఆమెయే మొదటిది.

ఆ యిరువురు కలిసి చేసిన యాత్ర ఎట్టిది? దానినుండి ఒకరి పేరు మాత్రమే మిగులుటకు కారణమేమి? రెండవ పేరు మరల ఎట్లు బయటపడినది? ఈ మూడు ప్రశ్నలకును సమాధానములు వెదకినచో విజ్ఞానశాస్త్రము పని చేయు తీరుకూడ కొంత తెలియగలదు.

పల్లెపడుచు, వైద్యుడు

జేన్ బారే 1740 జూలై 27న ఫ్రాన్సు దేశమున బర్గండీ ప్రాంతమందలి లా కొమెల్ అను పల్లెలో కూలినాలి చేసికొని బ్రదుకు కుటుంబములో పుట్టెను. కొమెర్సన్ 1727లో పుట్టినవాడు, కలిగినవారి బిడ్డ. మోంపెలియేలో వైద్యము చదివెనుగాని ఆయన మనసంతయు మొక్కలమీదనే. అక్కడి ఉద్యానవనములోని అరుదైన మొక్కలనుకూడ కోసికొనిపోవుచుండుటచే ఆయనను ఆ తోటలోనికి రానీయక నిషేధించిరని చెప్పుదురు. స్వీడను దేశపు మహాశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ కోరగా మధ్యధరా సముద్రపు చేపలను పరిశీలించి వర్ణించిన ఖ్యాతి ఆయనకు చిన్నవయసుననే కలిగెను.

1762లో కొమెర్సన్ భార్య ఒక కుమారుని కని మరణించెను. ఆ తరువాత ఇల్లు చక్కబెట్టుటకు కుదిరినది జేన్ బారే. ఇంటి పనితో మొదలైన పరిచయము మొక్కల పనికిని, అటుపిమ్మట సహజీవనమునకును దారితీసెను. 1764లో ఆమె గర్భవతియై, నాటి చట్టము ననుసరించి అధికారుల యెదుట ఆ సంగతి నమోదు చేయించెను. కాని తండ్రి పేరు చెప్పలేదు. ఆ యేడే ఇరువురును పారిస్ నగరము చేరిరి. అక్కడ పుట్టిన బిడ్డ పసితనముననే పోయెను. వారికి చర్చిలో పెండ్లి కాలేదు. అంతస్తుల భేదము గట్టిగా పాటింపబడు ఆ కాలమున వైద్యునికి, కూలివాని కూతురికి పెండ్లి సులభమైన మాట కాదు.

రాజశాసనమును దాటి

1756నుండి 1763వరకు జరిగిన సప్తవర్ష యుద్ధములో ఫ్రాన్సు కెనడాను, మరికొన్ని వలసలను కోల్పోయెను. పోయిన పలుకుబడిని పసిఫిక్ సముద్రములో కొంత సంపాదింపవచ్చునను ఆశతో ఫ్రెంచి ప్రభుత్వము బూగన్‌విల్ నాయకత్వమున రెండు ఓడలను భూప్రదక్షిణమునకు పంపుటకు నిశ్చయించెను. ఒక దాని పేరు బూదోజ్, అనగా అలిగిన స్త్రీ. రెండవది సరకులు మోయు ఓడ. దాని పేరు ఎత్వాల్, అనగా నక్షత్రము. రెంటియందును కలిపి సుమారు 330 మంది యుండిరి. యాత్రతోపాటు ప్రకృతిశాస్త్రజ్ఞుడొకడు వెళ్ళవలెనని నిర్ణయించి కొమెర్సన్‌ను ఎన్నుకొనిరి. సహాయకుని వెంట తీసికొనిపోవుటకును ఆయనకు అనుమతి లభించెను.

ఇక్కడనే చిక్కు వచ్చెను. ఫ్రెంచి నౌకాదళపు ఓడలలో స్త్రీలు ప్రయాణింపరాదని రాజశాసనము. కొమెర్సన్‌కు ఆరోగ్యము అంతంతమాత్రము. ఆయనకు దాదియు, ఆయన కాగితములను, నమూనాలను ఎరిగిన సహాయకురాలును జేన్ బారేయే. ఫ్రెంచి లిపిలో ఆమె పేరునుండి చివరి రెండక్షరములు తీసివేసినచో అది జాఁ అను పురుషనామ మగును. ఆమె పురుషవేషము ధరించి, ముందెరుగనివానివలె రేవున ఆయనను కలిసికొని, పనికి కుదిరినట్లు నటించెను. 1767 ఫిబ్రవరి 1న రోష్‌ఫోర్ రేవునుండి ఎత్వాల్ బయలుదేరెను. కొమెర్సన్ సామాను అపారముగా నుండుటచే ఓడ కప్తాను తన గదినే వారికి విడిచెను. ఈ సౌకర్యమే ఆమె రహస్యమును కొంతకాలము కాపాడినది.

తరువాత బూగన్‌విల్ తన యాత్రాగ్రంథమున, ఆమె స్త్రీయని కొమెర్సన్‌కు తెలియదనియు, ఆమె ఆయననుకూడ మోసగించెననియు వ్రాసెను. ఈ మాటను నేటి చరిత్రకారులు నమ్మరు. దానికి బలమైన సాక్ష్యము కొమెర్సన్ వ్రాసిన వీలునామా. 1766 డిసెంబరులో, అనగా ఓడనెక్కుటకు కొద్దివారముల ముందు, వ్రాసిన ఆ పత్రములో జేన్ బారేకు 600 లివ్రుల పైకమును, ఇంటి సామగ్రిని ఇచ్చి, తాను మరణించినచో ఆమె ఒక సంవత్సరము ఆ యింటనే యుండి తన సేకరణలను క్రమపరుపవలెనని ఆయన కోరెను. లివ్రు నాటి ఫ్రెంచి ద్రవ్యమానము. ఈ పత్రమునుబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది, కొమెర్సన్ ఆమెను చాలకాలముగా ఎరుగును. రెండవది, మొక్కల సేకరణను క్రమపరచు పని మొక్కలు తెలియని పనికత్తెకు ఎవరును అప్పగింపరు. బహుశః శాసనము దాటిన నేరమునుండి కొమెర్సన్‌ను తప్పించుటకే బూగన్‌విల్ అట్లు వ్రాసియుండును.

మంచుకొండల నడుమ

మొక్కను సేకరించుట యన్న కోసి సంచిలో వేసికొనుట మాత్రమే కాదు. పూవు, కాయ, ఆకు, వీలైనచో వేరు కనబడునట్లు మొక్కను కాగితముల నడుమ పరచవలెను. పైన బరువుంచి అదుమవలెను. మొక్కలోని చెమ్మను కాగితము పీల్చుకొనును గనుక తడిసిన కాగితములను తరచుగా మార్చుచుండవలెను. లేనిచో బూజుపట్టును. ఎక్కడ, ఎప్పుడు దొరికినది, పూవు రంగేమి అను వివరములు వెంటనే వ్రాసికొనవలెను. ఎండిన పిమ్మట రంగు నిలువదు. నేలమీదనే ఇది ఓపికతో కూడిన పని. ఉప్పుగాలి, తేమ, పురుగులు, ఎలుకలు గల ఓడలో దాని కష్టము చెప్పనక్కరలేదు.

1767 డిసెంబరులో ఓడలు దక్షిణ అమెరికా కొననున్న మాగెలాన్ జలసంధిని ప్రవేశించెను. దాని పొడవు సుమారు 570 కిలోమీటర్లు. ఎదురుగాలుల మూలమున దానిని దాటుటకు 52 దినములు పట్టెను. దక్షిణార్ధగోళమున డిసెంబరు, జనవరి నెలలు వేసవికాలము. అయినను అక్కడ మంచు, వాన, చలిగాలి తప్పలేదు. ఆ రాతి నేలలలో, మంచుకొండలలో కొమెర్సన్ వెంట ఆహారమును, తుపాకులను, మొక్కల కాగితపు కట్టలను మోయుచు, అలసట యెరుగక తిరిగిన సహాయకుని ధైర్యమును, బలమును బూగన్‌విల్ మెచ్చుకొనెను. ఆమెకు మొక్కలు బాగుగా తెలియుననియు ఆయన ఒప్పుకొనెను. కొమెర్సన్ మాత్రము ఆమెను బరువులు మోయు పశువుతో పోల్చుచుండెనట! ఆ జలసంధిలోనే ఆయన నలుపు తెలుపు రంగులు గల చిన్న డాల్ఫినులను చూచి వర్ణించెను. నేటికిని అవి కొమెర్సన్ డాల్ఫినులనియే పిలువబడుచున్నవి.

రహస్యము వెల్లడియగుట

1768 ఏప్రిల్‌లో ఓడలు పసిఫిక్ సముద్రమందలి తాహితి ద్వీపము చేరెను. మొక్కలకై తీరమున దిగిన జేన్ బారేను ద్వీపవాసులు చుట్టుముట్టి, చూచినతోడనే స్త్రీయని గుర్తించిరని బూగన్‌విల్ వ్రాసెను. ఏడాదికి పైగా ఓడలోనివారు తేల్చుకొనలేనిది వారికి క్షణములో తెలిసినదట! అయితే ఓడలో నున్నవారి దినచర్య పుస్తకములన్నియు ఈ కథనే చెప్పవు. ఓడ వైద్యుడు వివెస్ వ్రాతలలో గుసగుసలు యాత్ర తొలిదినములనుండియే యున్నవి; నిజము బయటపడిన చోటును న్యూ ఐర్లండ్ ద్వీపముగా ఆయన పేర్కొనెను. అక్కడ తోటి నావికులు ఆమెపట్ల మొరటుగా ప్రవర్తించిరని ఆ వ్రాతలవలన తెలియుచున్నది. ఒకే సంఘటనను నలుగురు నాలుగు విధములుగా వ్రాసినప్పుడు, ఎవరు ఎందులకు అట్లు వ్రాసిరో విచారించుట చరిత్రకారుని పని. నాయకునికి తన ఓడలలో క్రమశిక్షణ చెడలేదని చూపుట ముఖ్యము. ద్వీపవాసులు కనిపెట్టిరను కథ ఆయనకు అనుకూలమైనది. ప్రయాణికుడుగా వెళ్ళిన నస్సా-సీగెన్ రాజకుమారుడు మాత్రము, ఇంతటి సాహసమునకు పూనుకొన్న ఖ్యాతి ఆమెకే దక్కవలెనని వ్రాసెను. జేన్ బారే స్వయముగా వ్రాసిన యాత్రాకథనము ఏదియు లేదు. ఆమెనుగూర్చి మాటాడినవారందరును ఇతరులే.

తాహితి దాటిన పిమ్మట యాత్ర కష్టతరమయ్యెను. ఆహారము తరిగి నావికులు ఎలుకలనుకూడ తినిరి. తాజా కూరలు, పండ్లు లేక స్కర్వీ వ్యాధి వ్యాపించెను. చిగుళ్ళు వాచి నెత్తురు కారుట, కీళ్ళు నొచ్చుట దాని లక్షణములు. విటమిను 'సి' లోపమువలన ఆ వ్యాధి కలుగునని తేలినది 20వ శతాబ్దములోనే. చివరకు డచ్చివారి బురు ద్వీపమున ఆహారము లభించి ప్రాణములు నిలిచెను. బటేవియా, అనగా నేటి జకార్తా, మీదుగా 1768 నవంబరులో ఓడలు ఫ్రెంచివారి అధీనమునందున్న మారిషస్ చేరెను. 19వ శతాబ్దమున మన కోస్తానుండి కూలీలుగా వెళ్ళిన తెలుగువారు స్థిరపడిన ద్వీపమిదియే.

ద్వీపములో మిగిలినవారు

మారిషస్‌లో అప్పటి పాలనాధికారి పియేర్ పువావ్ర్ స్వయముగా మొక్కల ప్రేమికుడు. లవంగము, జాజికాయ మొక్కలను డచ్చివారి గుత్తాధిపత్యమునుండి తప్పించి ఆ ద్వీపమునకు తెప్పించినవాడు. ఆయన ఆహ్వానముపై కొమెర్సన్, జేన్ బారే అక్కడనే నిలిచిపోయిరి. ఓడలు వారిని విడిచి వెళ్ళి, 1769 మార్చిలో బూదోజ్ ఫ్రాన్సు చేరెను. శాసనము దాటిన స్త్రీని వెంట తీసికొనిపోవు ఇబ్బంది బూగన్‌విల్‌కు తప్పినది.

1770లో కొమెర్సన్ మడగాస్కర్‌కు వెళ్ళెను. మరెచ్చటను కానరాని జీవజాతులతో నిండిన ఆ దీవిని చూచి, ప్రకృతి తన ప్రయోగములకై ప్రత్యేకముగా దాచుకొన్న చోటు ఇదియని ఆయన ఆశ్చర్యపడెను. తరువాత రియూనియన్ ద్వీపమునకు పోయి అక్కడి అగ్నిపర్వతమును పరిశీలించెను. ఈ యాత్రలలోను జేన్ బారే ఆయన వెంట నుండెనని పలువురు చరిత్రకారుల అభిప్రాయము.

1772లో పువావ్ర్ ఫ్రాన్సుకు తిరిగి వెళ్ళుటతో వారికి ఆశ్రయము తప్పెను. 1773 మార్చి 13న కొమెర్సన్ తన 45వ యేట మారిషస్‌లో మరణించెను. ఆ వార్త తెలియని పారిస్ విజ్ఞాన పరిషత్తు కొద్దిదినములకే ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. ఆయన సేకరణలను 34 పెట్టెలలో పారిస్‌లోని రాజోద్యానమునకు పంపిరి.

పరాయి ద్వీపమున, చేతిలో ధనము లేక, ముప్పదిరెండేండ్ల జేన్ బారే ఒంటరిగా మిగిలెను. ఆమె పోర్ట్ లూయీ పట్టణమున మద్యపు అంగడి నడుపుకొనెను. ఆదివారమునాడు ప్రార్థన వేళ మద్యమమ్మినందుకు 1773 డిసెంబరులో ఆమెకు 50 లివ్రుల జరిమానా విధించిరి. 1774 మే 17న జాఁ దుబెర్నా అను సైనికోద్యోగిని పెండ్లాడి, మరుసటి సంవత్సరమో ఆ ప్రాంతముననో అతనితో ఫ్రాన్సు చేరెను. 1766లో స్వదేశమున ప్రారంభమైన ఆమె సాహసము అక్కడితో ముగిసి, భూప్రదక్షిణము పూర్తియయ్యెను. ఆమె రాకకు పండుగలు జరుగలేదు. 1776లో కొమెర్సన్ వీలునామా ప్రకారము రావలసిన పైకము ఆమెకు ముట్టెను. 1785లో నౌకాశాఖ ఆమెను అసాధారణ స్త్రీగా పేర్కొని, కొమెర్సన్ శ్రమలలోను, అపాయములలోను ఆమె పాలుపంచుకొన్నందుకు ఏటేట 200 లివ్రుల భరణమును మంజూరు చేసెను. ఒకనాడు స్త్రీలను ఓడనెక్కనీయని శాఖయే ఈ గౌరవము చేసినదని గమనింపదగును. 1807 ఆగస్టు 5న, 67 ఏండ్ల వయసున, ఫ్రాన్సు నైరృతిభాగమందలి ఒక పల్లెలో ఆమె కన్నుమూసెను.

రెండు పేర్ల కథ

కొమెర్సన్ కృతఘ్నుడు కాడు. మడగాస్కర్‌లో సేకరించిన ఒక పొదజాతికి ఆయన బారేతియా అను పేరు పెట్టి, ఇంతకుమునుపు ఎవరును సేకరింపని మొక్కలెన్నియో ఆమె వలననే లభించినవని ప్రశంసించెను. ఒకే మొక్కమీద ఆకులు పలు రూపములలో నుండుట దాని విశేషము. పురుషుని వేషములో స్త్రీగా నున్న ఆమెకు అది తగిన గుర్తని ఆయన భావించెను.

కాని ఆ పేరు నిలువలేదు. దీనికి కారణము వృక్షనామకరణ నియమములలో నున్నది. ఒక మొక్కకు పేరు నిలువవలెనన్న ఆ పేరు వర్ణనతో సహా అచ్చులో ప్రకటింపబడవలెను. ఒకే మొక్కకు ఇరువురు పేర్లు పెట్టినచో ముందు ప్రకటింపబడిన పేరే చెల్లును. దీనినే ప్రాథమ్య సూత్రమందురు. బారేతియా అను పేరు కొమెర్సన్ వ్రాతప్రతిలోనే యుండిపోయెను. ఆ మొక్క చేరదగిన ప్రజాతికి లిన్నేయస్ 1771లోనే తుర్రియా అను పేరు ప్రకటించి యుండెను. కాగితపు పూల తీగెకు పెట్టిన పేరు విషయమున అట్లు కాలేదు. కొమెర్సన్ పెట్టెలను పరిశీలించిన జుస్యూ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1789లో తన గ్రంథమున ఆ పేరును ప్రకటించెను. అందుచేత నాయకుని పేరు లోకమంతట ప్రతి తోటలోను వినబడుచున్నది. సహాయకురాలి పేరు పాత కాగితములలో నిద్రించెను. కొమెర్సన్ పేరుమీద మొక్కలు, జంతువులు కలిపి డెబ్బదికి పైగా జాతులున్నవి.

2012లో ఈ లోటు తీరెను. అమెరికా శాస్త్రజ్ఞుడు ఎరిక్ టెప్ తన సహచరులతో కలిసి, దక్షిణ ఈక్వడారులోను ఉత్తర పెరూలోను పెరుగు ఒక కొత్త తీగెజాతిని వర్ణించుచు దానికి సొలానమ్ బారెతియే అని నామకరణము చేసెను. దాని ఆకులును పలు రూపములలో నుండును. సొలానమ్ మనకు పరాయి ప్రజాతి కాదు. మన వంగ, వాకుడు, బంగాళాదుంప, టొమాటో ఆ ప్రజాతిలోనివే. జేన్ బారే మరణించిన 205 సంవత్సరములకు ఆమె పేరు ఒక మొక్కకు శాశ్వతముగా నిలిచినది.

ఆమె కథ నేడు మనకు తెలియుచున్న దనగా దానికి కారణము ఏ ఒక్క గ్రంథమును కాదు. ఒక గర్భిణి యిచ్చిన వాఙ్మూలము, ఒక వీలునామా, నాలుగైదు దినచర్య పుస్తకములు, ఒక జరిమానా లెక్క, ఒక పెండ్లి నమోదు, ఒక భరణపు ఉత్తరువు: ఈ చిల్లర కాగితములను పక్కపక్కన పేర్చి చరిత్రకారులు ఆమె జీవితమును తిరిగి కూర్చిరి. అయినను ఒక నష్టము మాత్రము పూడ్చుటకు వీలుకానిది. పారిస్‌లో భద్రపరుపబడిన ఆ యెండు మొక్కల కాగితములమీద సేకర్తగా కొమెర్సన్ పేరొక్కటే యున్నది. వానిలో ఆమె చేతితో కోసినవి ఎన్ని, ఆయన కోసినవి ఎన్ని అని వేరుపరచుట ఇక సాధ్యము కాదు.

నేడు వృక్షశాస్త్రజ్ఞులు అడవికి వెళ్ళినప్పుడు ప్రతి నమూనామీద తేదీ, చోటు, వరుససంఖ్యలతోపాటు ముఖ్య సేకర్త పేరును, వెంట వచ్చినవారి పేర్లనుకూడ వ్రాయుదురు. ఎన్నడో ఒకనాడు ఆ మొక్క దొరికిన స్థలమును మరల వెదకవలసి వచ్చినప్పుడు, అనుమానము తీర్చుకొనవలసి వచ్చినప్పుడు, చూచినవారెవరో తెలియుట అవసరము. పాఠశాలలలో మొక్కల పుస్తకము తయారుచేయు విద్యార్థులును ఈ అలవాటును మొదటినుండియే నేర్చుకొనవచ్చును. మొక్క పేరు ప్రక్కన కోసినవాని పేరు, కాగితముల మధ్య ఎండబెట్టినదాని పేరు, చోటు చూపిన తోటమాలి పేరు వ్రాయుటకు ఒక్క వరుస చాలును.